రాజుగారి కంచంలో విషం

అమృతగిరి రాజు ముకుందభూపతికి ఒక ఉదయం తన కాలివేళ్లు కనబడలేదు.

దీపం తెమ్మన్నాడు. తెచ్చారు. అయినా కనబడలేదు. మధ్యలో పొట్ట అడ్డం వచ్చిందని చెప్పే ధైర్యం ఆ కోటలో ఎవరికుంది? పైగా మోకాళ్ల సలుపు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం.

"మాకేమైందో ఇవాళే తేల్చండి. తేల్చకపోతే మీ అందరి సంగతీ మేం తేలుస్తాం" అని సభలో ఉరిమాడు.

అందరూ రాజవైద్యుడు నరహరిశాస్త్రి వైపు చూశారు. పన్నెండేళ్లుగా ఆయన రాజుకి బంగారు రేకు చుట్టిన లేహ్యం పెడుతున్నాడు. అది వేసుకుంటే ఏం తిన్నా భస్మమైపోతుందని ఆయన హామీ. లేహ్యం పనిచెయ్యలేదని ఒప్పుకుంటే పదవి ఊడుతుంది. అందుకని రాజు నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు తల ఊపాడు.

"విషప్రయోగం, ప్రభూ! నిదానంగా చంపే విషం. భోజనంలో రోజూ కొంచెం కొంచెంగా పెడుతున్నారు."

పొట్ట పెరిగిందనడం కన్నా ఈ మాటే రాజుకి గౌరవంగా తోచింది. శత్రువులున్న రాజంటే ఆ హోదాయే వేరు.

వెంటనే వంటవాడు సోమన్నను ఈడ్చుకొచ్చారు. పాపం, బూరెలు చేస్తూ చేస్తూ వచ్చాడు, చేతికి పూర్ణం ఇంకా అంటుకునే ఉంది. "నాకే పాపం తెలీదు బాబూ, నా పిల్లల మీద ఒట్టు" అని నేల మీద పడి ఏడ్చాడు.  శాస్త్రి మాత్రం "తల తీయించండి" అన్నాడు. రాజు "సరే, రేపు" అన్నాడు.

అప్పుడు గవరయ్య ముందుకొచ్చాడు. రాజు తినేముందు ప్రతి వంటకంలోనూ ఒక ముద్ద తిని, విషం లేదని చూపించడం అతని ఉద్యోగం. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడు.

"ప్రభూ, సోమన్న విషం పెట్టి ఉంటే ముందు చావాల్సింది నేను. పన్నెండేళ్లుగా తమ కంచంలో పడే ప్రతిదీ ముందు నా నోట్లో పడింది. నాకు తలనొప్పి కూడా రాలేదు."

"అంటే నువ్వు రుచి చూశాక కలుపుతున్నార్రా!" అన్నాడు శాస్త్రి.

"బాగా చెప్పారు శాస్త్రిగారూ, నేనూ అదే అంటున్నాను. ఆ పెట్టేవాణ్ణి రేపు భోజనం దగ్గరే పట్టిస్తాను. విషం పడినప్పుడల్లా గంట కొడతాను. పట్టించలేకపోతే సోమన్న తలతో పాటు నాదీ తీయించండి. కానీ ప్రభూ, దొరికినవాడి తల తీస్తే క్షణంలో అయిపోతుంది. తమరిని ఇన్నేళ్లు బాధపెట్టినవాడికి అంత తేలికా?"

రాజుకి ఆ మాట నచ్చింది. "నిజమే. వాడూ నిదానంగా ఏడవాలి. ఏడాదిపాటు పూటకో గిన్నెడు రాగుల చోడంబలి, ఇంత ఆకుకూర. తెల్లారగానే కోట చుట్టూ మూడుసార్లు నడక. వాడు మా రక్తసంబంధీకుడైనా సరే, ఈ శిక్షకు తిరుగులేదు."

మర్నాడు మధ్యాహ్నం రాజు పీట మీద కూర్చున్నాడు. ఒక పక్క శాస్త్రి, ఒక పక్క సంకెళ్లతో సోమన్న. గవరయ్య అన్నీ రుచి చూసి, చేతిగంట పట్టుకుని వెనక నిలబడ్డాడు.

పప్పు, వంకాయకూర, పులుసు అయ్యాయి. గంట మోగలేదు. నెయ్యి ఓడుతూ రెండు బూరెలు వెళ్లాయి. మోగలేదు. సోమన్న గంట వైపే చూస్తున్నాడు. రాజు గట్టిగా త్రేన్చి, పంచె ముడి వదులు చేసుకుని, "ఇంకో నాలుగు వెయ్యండి" అన్నాడు.

గంట మోగింది.

భటులు కత్తులు దూశారు. శాస్త్రి వడ్డించేవాడి చెయ్యి పట్టుకున్నాడు. గవరయ్య ఆ నాలుగింట్లో ఒకటి తీసుకుని తీరిగ్గా నమిలి మింగాడు. "బూరెలో ఏం లేదు" అన్నాడు. విషమని గంట మోగినా సరే, మిగతా మూడూ రాజు వదల్లేదు.

శాస్త్రి లేహ్యం అందించి, "ఇక తమరు ఏం తిన్నా భయం లేదు, ప్రభూ" అన్నాడు.

గంట మోగింది. శాస్త్రి చేతిలో భరిణె జారి పడింది.

రాజు చెయ్యి కడుక్కుని, పక్కగదికి వెళ్లడానికి పల్లకి తెమ్మన్నాడు. గంట. దిగీ దిగగానే మంచమెక్కి కాళ్లు చాపాడు. మళ్లీ గంట.

"ఒరేయ్, ఇక్కడ తిండే లేదు కదరా! మంచం మీద విషమేమిటి? పెట్టిందెవడు?"

గవరయ్య గంట కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. 

"కడుపు నిండాక కూడా ఇంకో నాలుగు వెయ్యమన్నవారు, పది అడుగులకి పల్లకి ఎక్కినవారు ఎవరో, వారే ప్రభూ."

గవరయ్య ఆగకుండా చెప్పుకుపోయాడు.

"రోజూ కొంచెం కొంచెంగా అని శాస్త్రిగారు సరిగ్గానే చెప్పారు. అదే కుండలోది నేనూ తిన్నాను. ముద్దతో ఆగాను, ఇంటికి నడిచి పోయాను. అంతే తేడా."

"రాజద్రోహం!" అని అరిచాడు శాస్త్రి.

"నువ్వాగు" అన్నాడు రాజు. తన పొట్ట వైపు చూసుకున్నాడు. ముందు మూతి ముడిచాడు. తర్వాత మంచం కిర్రుమనేలా నవ్వాడు. "రక్తసంబంధీకుడైనా సరే అన్నాం. మమ్మల్ని మినహాయించుకోవడం మరిచిపోయాం! సరే గవరయ్యా, నేరస్థుడికి పన్నెండేళ్లు ధైర్యం చెప్పినవాడికి ఏమిటి శిక్ష?" అని శాస్త్రి వైపు చూశాడు.

"సగం చాలు, ప్రభూ."

"కోట చుట్టూ ఒకటిన్నరసార్లు నడిస్తే అవతలి గుమ్మం దగ్గర ఆగిపోతాడు, పాపం ఇంటికెలా వస్తాడు? మూడూ నడవనీ!"

సోమన్న సంకెళ్లు ఊడదీశారు. రాజు తన మెడలోని ముత్యాలహారం గవరయ్య మెడలో వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"ఏడాదిపాటు సెలవిప్పించండి ప్రభూ. చోడంబలి తాగే మనిషికి విషం కూడా పెట్టాలనుకునే కఠినాత్ముడు ఈ లోకంలో ఉండడు."

భటులతో సహా అందరూ పగలబడి నవ్వారు. సోమన్న ఏడుస్తూనే నవ్వాడు. శాస్త్రి ఒక్కడే తన కాళ్లకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. సెలవు మంజూరైంది.