బెర్నో ముంత

ఎమ్రిక్ పదకొండోసారి అడిగాడు.

"ఫాదర్, ఈసారి ఏ బీరు చేద్దాం?"

ఫాదర్ గోస్విన్ పదకొండోసారి అదే జవాబు చెప్పాడు.

"నువ్వే చూడు నాయనా."

సన్యాసులేమిటి, బీరేమిటి అని ముక్కున వేలేసుకోకండి. అది మంచు దేశం, కొండ మీది మఠం. ఈస్టరుకు ముందు నలభై రోజులు అక్కడివాళ్ళు ఉపవాసం ఉంటారు. కూర లేదు, రొట్టె లేదు. పొద్దున ఒక ముంత, సాయంత్రం ఒక ముంత చిక్కటి బార్లీ బీరు, అంతే. మనకు గంజి ఎలాగో వాళ్ళకు అది అలాగ. ఆ నలభై రోజులూ ఇరవై ఇద్దరు మనుషుల ప్రాణాలు ఆ పీపాల్లోనే ఉంటాయి.

చాలా ఏళ్ళుగా ఆ బీరు గోస్విన్ చేతి మీదే నడిచింది. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి, కళ్ళు మసకబారాయి. పని తన శిష్యుడు ఎమ్రిక్‌కు అప్పగించాడు. ఏ బీరు చెయ్యాలో తేల్చుకోవడం కూడా పనిలో భాగమేనన్నాడు. అక్కడ రాసిపెట్టిన కొలతలేమీ లేవు. ఆ ఏటి బార్లీని చూసి, ఆ ఏటి చలిని చూసి, చేసేవాడే నిర్ణయించుకోవాలి.

మొలకెత్తిన బార్లీని పొగ తగలకుండా వేడి రాళ్ళ మీద ఆరబెడితే లేతరంగు బీరు. కట్టెల పొగ మీద ఆరబెడితే నల్లది. తేనె కలిపి చెయ్యొచ్చు, కొండ ఆకులు వేసి చెయ్యొచ్చు. ఎమ్రిక్‌కు ఇవన్నీ వచ్చు. పనిమంతుడు. నిరుడంతా "నాకు వదిలెయ్యండి ఫాదర్, నేను చేసి చూపిస్తాను" అని ముసలాయన ప్రాణం తోడేసినవాడు.

అలాంటివాడికి ఇప్పుడు బీరు అనే మాట వింటేనే గుండెల్లో రాయి పడుతోంది. ఎందుకో అతనొక్కడికే తెలుసు.

నెల క్రితం ఎమ్రిక్ తన చేత్తో చేసిన మొదటి పీపా తెరిచాడు. చిన్న పీపా, నల్ల బీరు. కొత్త పీపా తెరిస్తే మొదటి ముంత ద్వారం కాసేవాడికి ఇవ్వడం ఆ మఠంలో ఆనవాయితీ. అందరికంటే ఎక్కువసేపు చలిలో ఉండేది అతనే కదా. మిగతావాళ్ళు మర్నాడు తాగుతారు, చేసినవాడు అందరికంటే చివర. ద్వారం దగ్గర ఉండేది బ్రదర్ బెర్నో, నవ్వుమొహం మనిషి. ముంత అందుకుని, నిలబడిన చోటే మొత్తం తాగేసి, మూతి తుడుచుకుని, "బతికించావు తమ్ముడూ" అన్నాడు.

తెల్లారేసరికి బెర్నో చనిపోయాడు.

వైద్యుడు వచ్చి చూసి గుండె ఆగిందన్నాడు. రెండేళ్ళుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు కదా అన్నారు మిగతావాళ్ళు. ఎమ్రిక్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటేనే బాగుండేది. ఆ రోజే అతను నేలమాళిగలోకి వెళ్ళి, ఆ పీపాకు సుత్తితో బిరడా బిగగొట్టి, ఖాళీ పీపాల వెనక మూలకు నెట్టేశాడు. పారబొయ్యడానికి కూడా ధైర్యం చాలలేదు. వాసన చూడాల్సి వస్తుందని భయం. బీరు పాడైపోయింది, పారబోశానని అందరికీ చెప్పాడు. మఠానికి వచ్చాక అతను ఆడిన మొదటి అబద్ధం అదే.

అప్పటినుంచి ఎమ్రిక్ పీపాలు కడుగుతూనే ఉన్నాడు. ఏడోసారి వేడినీళ్ళు పోస్తుంటే వంటవాడు చూసి, "ఇంకోసారి కడిగితే అడుగు ఊడి చేతికొస్తుందయ్యా" అని నవ్వాడు. ఎమ్రిక్‌కు నవ్వు రాలేదు. తేనె బీరు అనుకుంటే తేనెలో ఏ విషపు పువ్వు ఉందో అనిపించేది. ఆకుల బీరు అనుకుంటే ఏ ఆకు ఏ ఆకనుకుని కోస్తానో అనిపించేది. నల్ల బీరు సంగతి తలుచుకోవడానికే వణుకు.

భోజనశాల గోడకు ఇరవై మూడు మేకులు ఉన్నాయి. మేకుకొక మట్టి ముంత, ముంతకొక పిడి, పిడి కింద పేరు. ఎమ్రిక్ తినడానికి కూర్చుని ఆ పేర్లు ఒక్కొక్కటే చదివేవాడు. సమాధుల మీద పేర్లు చదువుతున్నట్టు ఉండేది.

బెర్నో ముంత కూడా ఇంకా అక్కడే వేలాడుతోంది. తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆ ముంత తడిగా ఉంటోందని ఎమ్రిక్ గమనించింది బెర్నోను పూడ్చిన వారానికి. ఒక పొద్దున ప్రార్థన కాగానే అందరికంటే ముందు భోజనశాలలోకి వచ్చాడు. మిగతా ముంతలన్నీ ఎండి ఉన్నాయి. బెర్నో ముంత అంచు నుంచి ఒక చుక్క జారి పడింది. కింద రాతి పలక మీద అరచేతంత తడి.

పైకప్పు కారుతోందేమోనని తలెత్తి చూశాడు. పైన పొడిగా ఉంది. మర్నాడూ ముంత తడిగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. చనిపోయినవాడు రోజూ వచ్చి తన ముంత తీసుకుంటున్నాడా? తీసుకుని ఏం తాగుతున్నాడు? మూలనున్న పీపా గుర్తుకొచ్చేసరికి అంత చలిలోనూ ఎమ్రిక్‌కు చెమటలు పట్టాయి. ఎవరికైనా చెబుదామంటే పీపా సంగతి కూడా చెప్పాలి. నోరు నొక్కుకుని ఊరుకున్నాడు.

ఉపవాసాలకు ఇంకా ఏడు వారాలే ఉన్నాయి. బీరు పక్వానికి రావడానికే ఆరు వారాలు కావాలి. ఇక లాభం లేదని గోస్విన్ తనే బార్లీ నానబోయించి, మిద్దె మీది గదిలో రాశి పోయించాడు. గింజలు మొలకెత్తాయి. మొలక గింజంత పొడవయ్యేలోపు ఆరబెట్టెయ్యాలి. రాళ్ళ మీదా, పొగ మీదా, ఏ కట్టె, ఎంతసేపు అన్నది అప్పుడే తేలిపోవాలి.

మొలక వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ఎమ్రిక్ బట్టలు మూటగట్టుకున్నాడు. పారిపోదామనే. ద్వారం దాకా వెళ్ళాడు కూడా. అక్కడ బెర్నో కూర్చునే ముక్కాలిపీట ఉంది. దాన్ని దాటితేనే బయటి దారి. ఆ పీట ముందు చాలాసేపు నిలబడ్డాడు. దాటలేక మూటతో వెనక్కి వచ్చేశాడు.

నాలుగో రోజు పొద్దున గోస్విన్ అతన్ని మిద్దె మీదికి తీసుకెళ్ళాడు. అతని చెయ్యి పట్టుకుని మొలకల రాశిలోకి మోచేతి దాకా దూర్చాడు. ఎమ్రిక్ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లోపల జ్వరం వచ్చిన ఒళ్ళులా కాలిపోతోంది.

"రేపటికి ఇది గడ్డి," అన్నాడు గోస్విన్. "కొట్లో ఇంకో గింజ లేదు."

"మీరే చెప్పండి ఫాదర్. నల్లదంటే నల్లది, లేతదంటే లేతది. మీరు ఎలా చెబితే అలా చేస్తాను."

"నేను చెబితే నీకేం ఒరుగుతుంది?"

"ఏదైనా తప్పు జరిగితే..."

ఎమ్రిక్ ఆగిపోయాడు. మిగతా మాట పైకి అనడానికి అతనికే సిగ్గేసింది. గోస్విన్ ఆ మాట కోసం కాసేపు చూశాడు. అది రాలేదు. ఆయన మెల్లగా మెట్లు దిగాడు. ఎమ్రిక్ వెనకాలే వెళ్ళాడు.

ముసలాయన భోజనశాలలోకి వెళ్ళి, గోడ తడుముకుంటూ, మేకులు లెక్కపెట్టుకుంటూ పోయి, బెర్నో ముంత చేతిలోకి తీసుకున్నాడు.



"ఆ ముంత ఎందుకు ఫాదర్?"

"దీపం పట్టుకుని రా."

నేలమాళిగలో ఎమ్రిక్ దీపం పట్టుకుని వెనక నడిచాడు. దాని నీడలకు పీపాలన్నీ కదులుతున్నట్టున్నాయి. గోస్విన్ ఖాళీ పీపాల మధ్య నుంచి నేరుగా మూలకు నడిచాడు. ఇక్కడ మాత్రం తడుముకోలేదు. ఆ చిన్న పీపా ముందు చతికిలబడి బిరడా పట్టుకున్నాడు. నెల క్రితం సుత్తితో బిగగొట్టిన బిరడా రెండు వేళ్ళకే ఊడి వచ్చింది. ఆయన పీపాను కాస్త దొర్లించి ముంత నింపాడు.

"వద్దు ఫాదర్!"

ఎమ్రిక్ ఒక్క అంగలో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"అది తాగకండి. పారబోశానని అబద్ధం చెప్పాను. బెర్నో తాగింది అదే. ఆయన్ని నేనే చంపాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, తాగకండి."

నెల రోజులుగా గొంతుకు అడ్డంపడ్డ మాట అది. అనేశాక అతనికి ఏడుపు ఆగలేదు.

గోస్విన్ చెయ్యి విడిపించుకోలేదు. శిష్యుడి చెయ్యి తన మణికట్టు మీద ఉండగానే ముంతను పెదవుల దాకా ఎత్తి గటగటా తాగాడు.

ఎమ్రిక్ దీపం ఎత్తి ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఎప్పుడు కళ్ళు తేలేస్తాడోనని చూస్తున్నాడు.

గోస్విన్ మూతి తుడుచుకున్నాడు.

"నిన్నటికంటే కాస్త పులిసింది."

"నిన్నా?"

"బెర్నోను పూడ్చిన రోజు నుంచీ ఇదే తాగుతున్నాను. పీపాడు బీరు పారబోస్తే వాకిలంతా వాసన కొట్టాలి. కొట్టలేదు."

ఎమ్రిక్‌కు రాతి పలక మీది తడి గుర్తొచ్చింది.

"ముంత కడిగి తగిలించింది మీరా?"

"చేతులు వణుకుతాయి కదా. సరిగ్గా తుడవలేను."

ఎమ్రిక్ నేల మీద కూలబడ్డాడు.

"మీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యలేదు? మొదటి రోజు ఒక్క గుక్క తాగి తెల్లారేదాకా జపమాల తిప్పుతూ కూర్చున్నాను. తెల్లారింది. రెండో రోజు రెండు గుక్కలు తాగాను."

ఎమ్రిక్‌కు ఒక్కసారిగా కోపం వచ్చింది. గురువు మీద అతనికి కోపం రావడం అదే మొదలు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా ఫాదర్! ఈ నెల రోజులూ నేను చచ్చిపోయాను."

"పదకొండుసార్లు వచ్చావు," అన్నాడు గోస్విన్. "వచ్చినప్పుడల్లా ఏ బీరు చేద్దామనే అడిగావు. ఈ పీపా సంగతి అడుగుతావేమోనని రోజూ చూశాను."

గోస్విన్ మళ్ళీ ముంత నింపి అతని ముందుకు చాపాడు.

"ఇది నువ్వెప్పుడైనా రుచి చూశావా?"

"లేదు."

బెర్నో పేరు అతని బొటనవేలి కింద గరుగ్గా తగిలింది. ఇప్పుడు వణుకుతున్నవి ముసలాయన చేతులు కావు. ఎమ్రిక్ కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. గొంతులోంచి కడుపులోకి అది దిగుతున్నంతసేపూ గుండె దడదడలాడింది. దిగింది. అతను అలాగే కూర్చుని ఉన్నాడు. దీపం వెలుగుతూనే ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు గోస్విన్.

ఎమ్రిక్ ఇంకో గుక్క తాగాడు. ఈసారి మింగకుండా కాసేపు నాలుక మీద ఉంచుకున్నాడు.

"పొగ ఎక్కువైంది ఫాదర్."

లేవదియ్యమన్నట్టు గోస్విన్ చెయ్యి చాపాడు.

"అయితే ఈసారి తగ్గించు."