రానన్నవాడు

ఇల్యాస్ తన ప్రోగ్రాం మీద ఈగ వాలనివ్వడు. కొండ మీది ఖాన్‌కాలో, అంటే సూఫీల మఠంలో, గురువు నూరుద్దీన్ షా దగ్గర శిష్యుడిగా చేరకముందు అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

కన్నుమూసిన పెద్ద పీర్ గారు పాడిన పాటలన్నీ వెనక గదిలోని స్టోరేజ్ మిషన్‌లో ఉన్నాయి. ఆ ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీదుగా ముందుగది కంప్యూటర్‌కి మౌంట్ చేసేది, అంటే తగిలించేది, ఇల్యాస్ రాసిన ప్రోగ్రామే. తగలకపోతే కంప్యూటర్ ఎర్రర్ కోడ్ ఇస్తుంది. ఒక్కో కోడ్‌కి ఒక్కో కారణం. "వచ్చేవాళ్లకి ఈ అంకెల గోల ఎందుకు?" అని అతను వాటన్నిటినీ మింగించేసి, ఏ కోడ్ వచ్చినా ఒకటే మాట పెట్టాడు: మిషన్ చచ్చిపోయింది.

ఆ ఉదయం కరెంటు పోయి వచ్చాక తెర మీద అదే మాట. సాయంత్రం పెద్ద పీర్ గారి ఉరుసు. జనం వచ్చేదే ఆ గొంతు వినడానికి.

"మిషన్ మొత్తం తుడిచేసి సిస్టమ్ కొత్తగా పెడతాను హజ్రత్," అంటూ ఇల్యాస్ పెన్‌డ్రైవ్ తీసుకుని లేచాడు.

"మా గురువుగారి గొంతు ఇంకెక్కడా లేదు బేటా. కాస్త ఆగు," అన్నారు నూరుద్దీన్ షా.

"చచ్చినదాంట్లో ఇంకేముంటుంది? నా ప్రోగ్రాం అబద్ధం చెప్పదు."

"సరే. ముందు చాయ్ తాగుదాం, రా."

"రాను."

గురువుకి ఎదురు చెప్పడం ఆ గడపలో లేదు. ఆ సంగతి ఇల్యాస్‌కీ తెలుసు. అయినా గొంతు పెంచాడు. "రానంటే రాను!"

నూరుద్దీన్ షా లోపలికి వెళ్లి తెల్ల దుప్పటి తెచ్చారు. నిలబడ్డవాడి తల మీదుగా కప్పేసి, పోయినవాళ్ల కోసం చదివే దువా మొదలుపెట్టారు.

ఇల్యాస్‌కి ఒళ్లు మండిపోయింది. దుప్పటి లాగి అవతల పారేశాడు. "ఏంటిది హజ్రత్! నేను చచ్చానా?"

"పిలిచాను. రాలేదు. చచ్చిపోయావనుకున్నా."

"రానని చెప్పానుగా! చచ్చినవాడు జవాబు చెప్తాడా?"

ఆ మాట అతనికే తగిలింది. మెల్లగా కంప్యూటర్ వైపు తిరిగాడు.

కోడ్‌లు మింగే లైను కొట్టేసి ప్రోగ్రాం మళ్లీ నడిపాడు. అసలు సంగతి బయటపడింది: కనెక్షన్ రెఫ్యూజ్డ్. అవతల మిషన్ పిలుపు విన్నది, కాదని జవాబూ ఇచ్చింది. ఫైళ్లు పంచిపెట్టే సర్వీసు ఒక్కటే, కరెంటు వచ్చాక లేవలేదు. దాన్ని లేపగానే పాటలన్నీ తెర మీదికొచ్చాయి.  తుడిచేద్దామని తీసిన పెన్‌డ్రైవ్‌ని ఇల్యాస్ సొరుగులో పడేశాడు.

పొగరు మాత్రం అంత తొందరగా దిగుతుందా? అక్కడే కూర్చుని ఒక్కో కోడ్‌కి ఒక్కో మాట రాయడం మొదలుపెట్టాడు.

"బేటా, చాయ్ చల్లారిపోతోంది," గురువు పిలిచారు.

"ఇది పూర్తయ్యేదాకా రాను!"

నూరుద్దీన్ షా దుప్పటి మడతపెట్టుకున్నారు.

"అల్‌హమ్దులిల్లా. బతికే ఉన్నాడు."