తవిటయ్య దించిన బల్లెం

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరంతా వలలు, తెప్పలు, ఎండుచేపల వాసన. ఆ ఊరి పెద్ద తవిటయ్య. బల్లెం విసిరాడంటే గురి తప్పదు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను, నాకూ నిద్రొస్తోంది.

ఆ సముద్రంలో తిమింగలాలుండేవి. ఎంతుంటుందని అడుగుతావేమిట్రా కొండబాబూ, మనిల్లూ పక్క పిన్నిగారిల్లూ కలిపితే అంత. ఒక ఏడు ఎందుకో చేపలు తగ్గాయి. ఇంత పొట్టకి ఎన్ని చేపలు కావాలి, మన చేపలన్నీ ఇదే మింగేస్తోంది, ఇది దొంగ అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. అనుకుని ఊరుకున్నారా? బల్లేలు పట్టుకుని బయల్దేరారు. ఒకదాన్ని చంపారు, చేపలు పెరగలేదు. ఇంకోదాన్ని చంపారు, ఇంకా తగ్గాయి. అయినా ఆగారా? ఆగలేదు. అదే నాకు ఒళ్ళు మండేది.

చివరికి ఒక తల్లీ, దాని పిల్లా మిగిలాయి. ఊళ్ళో పొయ్యిలు చల్లబడ్డాయి. తవిటయ్య మనవడు, ఏడాదైనా నిండని గుంటడు, తల్లికి పాలు లేక, ఏడ్చే ఓపికా లేక పడున్నాడు. ఈ రెండూ పోతే చేపలొస్తాయి, నా మనవడు బతుకుతాడు అని తవిటయ్య మళ్ళీ బల్లెం తీశాడు.

ఆ గుంటడి తల్లి అసిరమ్మ, తవిటయ్య కోడలు. మెట్ట ఊరి రైతుబిడ్డ. నేనూ వస్తానంది. ఆడది తెప్ప ఎక్కకూడదని ఆ ఊరి కట్టు. నా బిడ్డ కోసం చేసే పని నా కళ్ళముందే జరగాలని ఎక్కి కూర్చుంది. దింపే ధైర్యం ఎవరికుంది?

డాల్ఫిన్లు తెప్ప పక్కనే గెంతుతూ వచ్చాయి. తవిటయ్య అటు చూడనైనా లేదు. కాసేపటికి తల్లి తిమింగలం పైకి తేలింది, పక్కనే పిల్ల. బల్లెం ఎత్తితే అది పారిపోలేదు. పిల్లకీ తెప్పకీ మధ్యకొచ్చి అడ్డంగా నిలబడింది. తోక ఒక్కసారి విసిరితే తెప్ప ముక్కలైపోయేది. విసరలేదమ్మా అది. ఊ కొట్టండి.

అసిరమ్మ దాని వెనక నీళ్ళకేసి చూసింది. ఎర్రగా, మడ్డిగా ఏదో తేలుతోంది. దాని చుట్టూ నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. మావయ్యా, అది దాని పేడ కదా, అంది. నవ్వకండర్రా, పేడంటే ఏమనుకున్నారు? మావయ్యా, మా అయ్య పొలానికి పెంట తోలినట్టు ఇది సముద్రానికి తోలుతోంది, ఒక్కసారి అక్కడ వల వెయ్యి, ఖాళీగా వస్తే నీ బల్లెం వెయ్యి, నేను అడ్డురాను, అంది.

తవిటయ్య బల్లెం దించి వల వేశాడు. లాగితే రాలేదు. ఇద్దరూ కలిసి లాగారు. వల నిండా కవ్వ చేపలు, తళతళా మెరిసిపోతూ.

అప్పుడు తెలిసింది ముసలాయనకి. తిమింగలం లేక పేడ లేదు, పేడ లేక పాచి లేదు, పాచి లేక రొయ్యపిల్ల లేదు, రొయ్యపిల్ల లేక కవ్వ లేదు, కవ్వ లేక వల నిండదు, వల నిండక పొయ్యి వెలగదు. బల్లెం నీళ్ళలో వదిలేసి ఏడ్చాడు. తన చేత్తో చంపినవాటి కోసం ఏడ్చాడు. సముద్రానికి ఎంత పసుపూ కుంకుమా ఇస్తే అవి తిరిగొస్తాయి?

అసిరమ్మకి పాలు పడ్డాయి, గుంటడు బతికాడు. ఊళ్ళో పొయ్యిలన్నీ వెలిగాయి. అప్పట్నుంచీ తిమింగలాలొచ్చే రోజుల్లో ఆడా మగా అందరూ తెప్పలెక్కి చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. దూరంగానే ఆగి, తెడ్లు ఒళ్ళో పెట్టుకుని చూసేవాళ్ళు. తవిటయ్య మాత్రం తలెత్తి చూసేవాడు కాదు. అవి మునిగిపోయేదాకా చేతులు జోడించుకుని, కళ్ళు దించుకునే ఉండేవాడు, బతికినన్నాళ్ళూ.

అది తినేదే చూశారు గానీ పెట్టేది చూడలేదు, అదర్రా వాళ్ళు చేసిన తప్పు. మీరు ఎవర్నైనా దొంగ అనే ముందు తవిటయ్యని తల్చుకోండి. కథ కంచి దారి పట్టింది, ఇక మనం పక్కల మీదికి.