పాత పచ్చడి, కొత్త తాలింపు

ఒకానొక రాజ్యాన్ని కీర్తికేసరి అనే రాజు ఏలుతుండేవాడు. పొరుగు రాజులు ఏం చేస్తున్నారో కనుక్కుని, దాన్నే మరింత పెద్దగా చేయడమే ఏలుబడి అని ఆయన నమ్మకం. ఒక ఏడు పొరుగున ఎవరో శంఖం ఆకారంలో మంటపం కట్టారని తెలిస్తే, ఈయన అంతకు రెట్టింపు శంఖం కట్టించాడు. గాలి వీచినప్పుడల్లా అది ఊళ పెట్టేది. మరో ఏడు కొలువుకూటం గోడలకి అద్దాలు తాపించాడు. ఆనాటి నుంచి సభలో పండితులు ఎదుటివాళ్ళ మాట వినడం మానేసి తమ తలపాగాలు సర్దుకోవడంలో పడ్డారు.

ఆ కొలువులో గంగసాని అనే ఆవిడ ఉండేది. ఆమె తండ్రి పెద్దరాజుగారికి హాస్యం చెప్పేవాడు. ఆయనకి కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురికీ నోరుంది. ఆయన పోయాక, "ఆడది హాస్యం చెబితే సభకి మర్యాదగా ఉంటుందా?" అని మంత్రి సందేహపడ్డాడు. "మగవాళ్ళు మర్యాదలు మాట్లాడినప్పుడు సభ నవ్వుతూనే ఉంది కదండీ. నేను హాస్యమాడితే సరికి సరి" అంది గంగసాని. పెద్దరాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, తండ్రి కొలువు కూతురికిచ్చాడు. ఆయన కొడుకే ఇప్పటి కీర్తికేసరి.

గంగసాని బస పాత నగరులో. కోటలోనే ఓ మూలగా ఉన్న మండువా లోగిలి అది. నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, చుట్టూ టేకు స్తంభాల వసారాలు, వాటి వెనక గదులు. రాజుగారి మేనత్త వీరమాంబ, రాచకుటుంబంలో భర్తలు పోయిన మరికొందరు ఆడవాళ్ళు ఆ ఇంట్లోనే ఉండేవారు. చచ్చిపోయింది భర్తలు, లోకం పోయింది మాత్రం వీళ్ళకి. వీధి గడప దాటకూడదు. వీధి వైపు కిటికీ లేదు. తల ఎత్తితే మండువాలోంచి కనబడే నలుపలకల ఆకాశమే వాళ్ళ ఆస్తి. మబ్బు ఏ మూలనుంచి కమ్మితే వాన నిలుస్తుందో వీరమాంబకి తెలుసు. చిలకల గుంపు ఏ వేళకి ఎటు పోతుందో తెలుసు. కొలువు నుంచి రాగానే గంగసాని బయటి కబుర్లు చెప్పేది, వీరమాంబ ఆకాశం కబుర్లు చెప్పేది. ఎవరి కొలువు వారిది.

అలా ఉండగా ఒక పుష్యమాసంలో రాజు పొరుగు దేశం విందుకి వెళ్ళొచ్చాడు. వస్తూ వస్తూ రత్నశిల్పి అనే ఒక స్థపతిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ స్థపతి ఇల్లు కట్టడం తక్కువ, ఇల్లు గురించి చెప్పడం ఎక్కువ.

"ఇకమీదట మండువా అన్నది ఎక్కడా ఉండదు ప్రభూ" అన్నాడు సభలో చేతులు తిప్పుతూ. "ఇప్పుడంతా రంగు గాజు కప్పు. మండువా నెత్తిన కప్పు వేసి, దాని అడుగున ఆకాశం చిత్రించడమే నేటి తీరు. టేకు స్తంభాలు పీకేసి నెమలికంఠం రంగు స్తంభాలు నిలబెట్టాలి."

రాజు మురిసిపోయాడు. "పాత నగరుతోనే మొదలుపెట్టు. మా మేనత్త ఆ పాత చింతకాయ పచ్చడి కొంపలో ఉంటోందంటే పొరుగు రాజుల ముందు నాకు తలవంపులు."

గంగసాని గుండెలో రాయి పడింది. ముఖంలో మాత్రం నవ్వు అలాగే ఉంది, అది ఆమె కొలువు మరి. "కప్పు వేస్తే అత్తగారికి ఆకాశం కనబడదేమో ప్రభూ" అంది.

"అందుకేగా చిత్రించేది. ఎండ కాయని ఆకాశం, వాన కురవని ఆకాశం. అందులో ఎప్పుడూ పున్నమి చంద్రుడే."

సాయంత్రం గంగసాని ఈ మాట వీరమాంబకి చెప్పింది. "ఎప్పుడూ పున్నమే అయితే నేను ఏకాదశి ఉపవాసం ఎప్పుడుండేదే?" అందావిడ. "పోన్లే, ఆ ఒక్క లాభమూ ఉంది." అని నవ్వబోయి, నవ్వలేక తల పైకెత్తింది. ఆ నలుపలకల్లో అప్పుడే ఒక చుక్క పొడిచింది. "నాకు మిగిలింది ఇంతే కదే గంగా. దీనిక్కూడా మూత పెడతాడా వాడు?"

ఆ రాత్రి గంగసాని ఒక ఉపాయం పన్నింది.

మర్నాడు కొలువులో నిలబడి చేతులు జోడించింది. "ఏలినవారి ఆలోచన అమోఘం. కానీ ఒక్క ఇంటికే ఎందుకు ఆగాలి? ఇల్లు కొత్తదై లోపలివన్నీ పాతవైతే పొరుగు రాజులు నవ్వరూ?"

పొరుగు రాజుల పేరెత్తితే కీర్తికేసరికి ఒళ్ళు తెలియదు. "నిజమే. నా కోటలో పాత అన్నది కనబడకూడదు."

"ఏవేవి పాత ప్రభూ? రేపు ఎవరైనా అడిగితే చెప్పాలి కదా."

"పాత అన్న మాట దేని ముందు తగిలితే అదంతా పాతే."

"దివ్యంగా సెలవిచ్చారు. ఈ మాటే దండోరా వేయిస్తే బాగుంటుంది. మరి ఆ పాత సామానంతా ఎక్కడ పడేయమంటారు?"

"ఆ పాత నగరులోనే పడెయ్యి. దాని స్తంభాలు పీకేనాడు అన్నీ కలిసి పోతాయి. అందాకా ఆ గడప దాటి ఒక్క పాత వస్తువూ బయటికి రాకూడదు."

దండోరా మోగింది. గంగసాని ముందుగా వెళ్ళింది వంటసాలకి. పాత బియ్యం గాదెలు ఖాళీ చేయించింది. పాత బెల్లం, పాత నెయ్యి, పాత చింతకాయ పచ్చడి జాడీలు, పాత ఉసిరికాయ, అన్నీ పాత నగరుకి తరలిపోయాయి. తర్వాత రాజుగారి పడకటింటికి వెళ్ళి, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ పాత పంచెలు, కాలికి అలవాటైన పాత చెప్పులు పట్టించుకొచ్చింది. "పాత అన్న మాట తగిలింది కదండీ మరి" అంటే పడకటింటి కావలివాళ్ళు నోరెత్తలేకపోయారు.

అసలే కోతలైన రోజులు. రాజుకి వేడివేడిగా కొత్త బియ్యం అన్నం వడ్డించారు. ముద్ద ముద్దగా జిగురుగా ఉందది. కొత్త బెల్లం పరమాన్నం పెట్టారు. కొత్త తీరు కదా అని ఆయన మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. ఇక చూడండి. కడుపు డోలులా బిగుసుకుంది. కొత్త చెప్పులు మడమలు కరిచాయి. గంజి పెట్టిన కొత్త పంచె కదిలినప్పుడల్లా ఫెళఫెళమంటుంటే, అద్దాల కొలువులో ప్రతి అద్దంలోనూ పొట్ట పట్టుకున్న రాజే కనబడ్డాడు. స్థపతి మాత్రం, "కొత్తదనానికి అలవాటు పడడానికి కొంత కాలం పడుతుంది ప్రభూ" అంటూ వచ్చాడు. తను మాత్రం వెంట తెచ్చుకున్న బియ్యమే వండించుకుంటున్నాడు.

చివరికి వైద్యుడు సోమయ వచ్చి నాడి పట్టుకున్నాడు. "మందు అక్కర్లేదు ప్రభూ, పథ్యం చాలు. పాత బియ్యం జావ, అందులోకి పాత చింతకాయ పచ్చడి."

"తెప్పించండి" అని మూలిగాడు రాజు.

వంటసాలలో గింజ పాత బియ్యం లేదు. గంగసానికి కబురు వెళ్ళింది. ఆమె వచ్చి వినయంగా నిలబడింది.

"ఆ గడప దాటి ఒక్క పాత వస్తువూ బయటికి రాకూడదని తమ ఆజ్ఞ."

"ఆజ్ఞ మార్చుకుంటాను."

"దండోరా వేసిన మాట మార్చుకుంటే పొరుగు రాజులు ఏమంటారో చూడండి. అయినా ఆజ్ఞ తప్పకుండానే ఓ దారి ఉంది. పచ్చడి బయటికి రాకూడదన్నారు కానీ, తమరు లోపలికి వెళ్ళకూడదనలేదు."

రాజు కుంటుకుంటూ పాత నగరుకి బయల్దేరాడు. వెనకే రత్నశిల్పి కూడా.

లోపల వీరమాంబ మండువాలో పీట వేసి ఉంచింది. "రా నాయనా" అంది. "చిన్నప్పుడు జ్వరం వచ్చినా ఇక్కడికే వచ్చేవాడివి. కూర్చో. ముందు ఆ కరిచే చెప్పులు విప్పు."

బయట చలి కొరుకుతోంది గానీ, మండువాలోకి పొద్దుటి ఎండ వెచ్చగా దిగుతోంది. రాజు వీపు మీద ఆ ఎండ పడింది. పీట మీద పరిచిన పాత పంచె మెత్తగా తగిలింది. జావలో కాస్త పచ్చడి కలుపుకుని గుటక వేశాడు. మరో గుటక వేశాడు. రాత్రి నుంచి ముడిపడి ఉన్న కనుబొమలు విడిపోయాయి. కడుపు చల్లబడ్డాక మనిషి తల ఎత్తుతాడు. ఆయనా ఎత్తాడు.

"ఇంత నీలం నేనెప్పుడూ చూడలేదత్తా" అన్నాడు.

"నువ్వు గుర్రమెక్కితే ఆకాశమంతా నీదే. నువ్వెందుకు చూస్తావు?" అంది వీరమాంబ. "మాకున్నది ఇంతే ముక్క. అందుకని చూస్తాం. రేపు దానికి మూత పెట్టించి బొమ్మ గీయిస్తావటగా. గీయించు. నిన్ను చూడాలనిపించినా నీ బొమ్మే చూస్తాంలే, నువ్విక రానక్కర్లేదు."

రాజు చేతిలో జావ గిన్నె ఆగిపోయింది. పక్కన స్థపతి ఏదో చెప్పబోయాడు. "నువ్వుండవయ్యా" అన్నాడు రాజు. చాలాసేపు పైకే చూశాడు.

తర్వాత ఆయన సహజగుణం ఆయనకి తిరిగొచ్చింది. గిన్నె దించి, మీసం దువ్వాడు. "ఈ మండువాకి మూత పడదు. ఇదే నా ఆజ్ఞ. అంతేకాదు, ఇందులో ఒక్క మేకు కదలకూడదు. పెద్దలు కట్టింది కట్టినట్టే ఉండాలి. కొత్త అన్నది ఈ ఇంట్లో అడుగు పెట్టకూడదు. దండోరా వేయించండి."

గంగసాని నుదురు కొట్టుకోలేదు గానీ చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. రాజుకి తెలివి వచ్చిందనుకుంటే, ఆ పిచ్చి కాస్తా అటునుంచి ఇటు తిరిగిందంతే.

"ప్రభూ, పచ్చడి ఎలా ఉంది?" అనడిగింది.

"అమృతంలా ఉంది."

"జాడీలోంచి తీసింది తీసినట్టే వడ్డిస్తే తమ పళ్ళు పులిసి ఊరుకునేవి. నల్లగా, ఉప్పు కషాయంలా ఉంటుందది. కాస్త తీసి, ఎండుమిరపకాయలు వేసి నూరి, మీ అత్తగారు ఇప్పుడే ఇంగువ తాలింపు పెట్టారు. పచ్చడి పాతదే. తాలింపు మాత్రం ఏ పూటకాపూట కొత్తదే పెట్టుకోవాలి."

రాజు ఆమె వంక చూశాడు. "అయితే ఈ ఇంటికి తాలింపేమిటి?"

"మండువా ఉండాలి, స్తంభాలుండాలి. నిన్నటికీ రేపటికీ పనికొచ్చేవి అవి. కానీ వంటింట్లో పొగ పోయే దారి లేదు. పెద్దలు కట్టినప్పుడు వాళ్ళు వంట చేయలేదు కదా, వాళ్ళకి తెలియలేదు. అక్కడో పొగగూడు కావాలి. వీధి వైపు కిటికీలు కావాలి. ఇంకొకటుంది. తమరు లోపలికి వస్తూ గమనించారో లేదో, వీధి తలుపుకి గడియ బయట ఉంది."

"అయితే?"

"దాన్ని లోపలి వైపు పెట్టించండి. ఇల్లన్నాక గడియ లోపలే ఉంటుంది ప్రభూ. బయట ఉంటే దాన్ని ఇంకేదో అంటారు."

రాజు తలుపు వైపు చూశాడు. తను పుట్టకముందు నుంచీ బయటే ఉన్న ఆ గడియ మీద చెయ్యేసి ఇందాక తనే తెరిచాడు.

రత్నశిల్పి మధ్యలో కల్పించుకున్నాడు. "కానీ ప్రభూ, గడియ లోపల పెట్టడం ఈనాటి తీరు కాదు."

"నీ ఇంటికి ఎటుందయ్యా?" అంది వీరమాంబ.

"లోపలే..." అన్నాడు స్థపతి.

ముందు వీరమాంబ నవ్వింది. తర్వాత కీర్తికేసరి అందుకున్నాడు. కడుపు నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు కనక పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. "గంగసానీ, నాకు కొత్త బియ్యం తినిపించి పాత బుద్ధి నేర్పావు. ఈ ఇంట్లో ఏది ఉండాలో, ఏది మారాలో ఇకమీదట ఇందులో ఉండేవాళ్ళే చెబుతారు. స్థపతి చేస్తాడు, మాట్లాడకుండా. ఇది నీకు" అని చేతికున్న కంకణం తీసిచ్చాడు.

గంగసాని అటూ ఇటూ తిప్పి చూసింది. "పాతదేనా ప్రభూ?"

"తాతగారిది."

"అయితే తీసుకుంటాను" అని కళ్ళకద్దుకుంది.

పనులు పూర్తయిన పొద్దున వీరమాంబ గడియ తనే తీసి, గడప దాటి వీధిలోకి వచ్చింది. కొన్ని అడుగులు వేసి వెనక్కి తిరిగి, అన్నాళ్ళూ తనున్న ఇంటిని మొదటిసారి బయటి నుంచి చూసింది.

"ఎలా ఉంది అత్తా?" అని రాజు ఆత్రంగా అడిగాడు.

"ఫర్వాలేదు నాయనా" అందావిడ. "నేననుకున్నంత పెద్దదేం కాదు." అని, తల ఎత్తి చూస్తూ వీధి చివరిదాకా నడిచి వెళ్ళింది.

ఆనాటి నుంచీ ఆ దేశంలో ఎవరైనా దేన్నైనా పాత చింతకాయ పచ్చడని ఈసడిస్తే ఆడవాళ్ళు ఊరుకోరు. "తాలింపు పెట్టి చూశారా మరి?" అని అడుగుతారు.