వేలుపుల కొలనులో గాడిద మునక

మంచుకొండ కింద అడవిలో యాత్రలకు పెద్ద నక్క. తనకు తానే కట్టుకున్న పెద్దరికం అనుకోండి. ఆ ఏడు ఎద్దునీ, మేకనీ, గాడిదనీ వెంటేసుకుని కొండ శిఖరాన ఉన్న వేలుపుల కొలనుకు బయల్దేరింది. అందులో ఒక్క మునక వేస్తే జన్మంతా పడ్డ కష్టం కరిగిపోతుందంటారు. గాడిద ఆ ఒక్క మునక కోసమే వచ్చింది.

దారిలో జరిగింది చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. గొంగళ్లు, అటుకుల మూటలు, గిన్నెలు అన్నీ గాడిద వీపు మీదే. సగం కొండ ఎక్కేసరికి గాలి పలచబడింది. "మోకాలు పట్టేసింది" అంటూ నక్క కూడా ఆ మూటల మీదికెక్కి, ఊపిరాడేందుకు కర్పూరం వాసన చూస్తూ కూర్చుంది! గాడిద అడుగుకోసారి ఆగి ఆయాసపడుతుంటే, దాని ముక్కు దగ్గర ఇంత కర్పూరం పెడదామని ఒక్కరికీ తోచలేదు.

కొలను చేరగానే నక్క చెంగున కిందికి దూకింది.

"వినండి. మునిగి, మీకు బాగా ఇష్టమైనది ఒకటి వదిలెయ్యాలి. ఇక్కడ వదిలింది మళ్లీ ముట్టుకున్నారో, యాత్ర ఫలం పోయినట్టే. ఎద్దు మావా, నువ్వు తెలగపిండి వదులు. మేక వదినా, నువ్వు తుమ్మకాయలు."

"మరి నువ్వో?" అంది మేక.

"నేను వంకాయ వదిలేస్తున్నా."

"ఏమయ్యా మరిదీ, నువ్వు వంకాయ ఎప్పుడు తిన్నావు? అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా నోటికాడివి వదిలించి నువ్వు పుణ్యం కొట్టేస్తావా?"

ఎద్దు పాపం కళ్లనీళ్లు పెట్టుకుని, తెలగపిండి వదిలేసి మునిగొచ్చింది. గాడిద నీళ్లవైపు అడుగేసింది. నక్క అడ్డం నిలబడింది.

"నువ్వెక్కడికి? మూటలు దించితే మళ్లీ ఎక్కించేదెవరు? గట్టునే ఉండు."

"కొండంతా మోసింది నేను. మునక మీకా?" అంది గాడిద.

"ఇదెక్కడి న్యాయం?" అని మేక అరిచింది.

నక్క నవ్వింది. "ఊరుకో వదినా. గాడిదకు మోయడమంటే ప్రాణం. బరువు దించితే బెంగపెట్టుకుంటుంది."

ఆ మాటకి గాడిద ఒళ్లు విదిలించింది. మూటలన్నీ మంచులో దొర్లాయి. నక్కను పక్కకు నెట్టి, నీళ్లలో దిగి చెవుల దాకా మునిగి లేచింది.

"సామీ, నాకు ప్రాణమైన మోతను ఇక్కడే వదిలేస్తున్నా. ఇక ముట్టుకుంటే ఫలం పోతుందట, మా పెద్దాయనే చెప్పాడు."

నక్క మొహంలో నెత్తుటిచుక్క లేదు. "మావా, నువ్వయినా..." అని ఎద్దును బతిమాలింది.

"తెలగపిండి మాన్పించావుగా అల్లుడూ, నాకు సత్తువెక్కడిది?" అంటూ ఎద్దు తన గొంగడి తాను కప్పుకుని కదిలింది. మేక తన అటుకుల మూట తాను పట్టుకుంది.

వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు. నక్క కూడా పట్టుకుంది. గాడిద వినిపించుకోకుండా ముందు నడిచింది. మిగిలిన మూటలూ గిన్నెలూ నెత్తిన పెట్టుకుని నక్క ఒగరుస్తూ, మంచులో జారిపడుతూ కొండ దిగింది. అయ్యో అని ఎవరూ అనలేదు. నేనూ అనను.

నీతి: బరువంతా ఒకరి వీపున వేసి, పుణ్యం మాత్రం మనం మూటగట్టుకుంటామంటే కుదరదు.