బోడిదారిలో గూడు

అనగనగా ఒక అడవి. పెద్ద అడవేమీ కాదు. ఒక చిన్న ఊరి వెనకాల, గుట్ట మీద, గుట్టంతా కప్పుకుని ఉండేది. కింద ఊళ్ళో బస్టాండు, రైసుమిల్లు, వారానికో సంత అన్నీ ఉన్నాయి. పైన అడవిలో జంతువులు ఉన్నాయి, పక్షులు ఉన్నాయి, వాటి భయాలు ఉన్నాయి.

భయాలంటే ఎవరివి వాళ్ళవే. కుందేలుకి నక్కంటే భయం. కోడికి ఉడుమంటే భయం. పందికి ఊరి కుక్కలంటే భయం. కానీ అందరికీ కలిపి ఒక పెద్ద భయం ఉంది. అది నిప్పు. పులి వస్తే ఒకరిని తిని పోతుంది పిల్లలూ. నిప్పు అట్లా కాదు. దానికి కడుపు నిండదు.

అందుకని ఆ జంతువులన్నీ ఏటా ఒక పని చేసేవి. శివరాత్రి వెళ్ళి, చలి పోయి, ఆకులు రాలగానే, ఊరి వైపు అంచున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక దారి గీకేవి. దాని మీద ఒక్క ఎండుటాకు ఉండకూడదు. ఒక్క గడ్డిపరక ఉండకూడదు. వట్టి మట్టి కనపడాలి. గుండు కొట్టించిన తలలా ఉండేది కాబట్టి దాన్ని బోడిదారి అనేవాళ్ళు. కింద నుంచి నిప్పు వచ్చినా అక్కడికి రాగానే తినడానికి ఏమీ దొరకదు. తిండి దొరక్కపోతే నిప్పు చచ్చిపోతుంది.

బోడిదారిలో ఎవరి వంతు వాళ్ళకుంది. జింకలు గిట్టలతో గీకేవి. పంది కోరలతో పెళ్ళగించేది. కోడి కాళ్ళతో చెదరగొట్టేది. ఈ పనికంతటికీ పెద్ద ఏదు తాత. ఏదుపంది, అంటే ముళ్ళపంది. కోపం వస్తే ఆయన ఒంటి మీది ముళ్ళు గలగలలాడేవి. ఆయనకి కోపం రాని పూటంటూ లేదు కాబట్టి, తాత ఎక్కడున్నాడో అడవంతటికీ తెలిసేది.

ఆ అడవిలో చుక్కలమ్మ అనే అడవికోడి ఉండేది. పాపం, దానికి ఇంతవరకూ ఒక్క పిల్ల దక్కలేదు. పోయినేడు గుడ్లు పెడితే ఉడుము వచ్చి తినేసింది. అంతకుముందు ఏడూ అంతే. రెండోసారి దాని కళ్ళ ముందే తిన్నది. గుడ్డు చిట్లిన ఆ చప్పుడు చుక్కలమ్మ చెవుల్లోంచి పోలేదు. రాత్రిళ్ళు కొమ్మ మీద కూర్చున్నా అదే వినపడేది.

ఈసారి అది ఎవరికీ కనపడని చోటు కోసం అడవంతా తిరిగింది. ఒకచోట టేకాకులు, మద్దాకులు రాలి కుప్పలు పడి ఉన్నాయి. వాటి మధ్యలో గుంట చేసుకుని, అయిదు గుడ్లు పెట్టి, ఆకులు మీదికి లాక్కుని కూర్చుంది. పక్కన నిలబడి చూసినా ఆకులే కనపడతాయి గానీ కోడి కనపడదు.

చోటు మంచిదే. కాకపోతే అది బోడిదారి నడిమధ్యలో ఉంది. అది చుక్కలమ్మ వంతే.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. పొదిగే తల్లిని లేపకూడదు. వేటాడే వాటి మాట వేరు. తక్కినవాళ్ళెవరైనా లేపితే మహా పాపం. మంచి కట్టుబాటే, నేనేమీ కాదనను.

శివరాత్రి వెళ్ళింది. అందరూ గీకడం మొదలుపెట్టారు. ముందుగా పక్క వంతు కుందేలు వచ్చింది. దాని పేరు చెవులబ్బి.

"చుక్కలక్కా, యాడున్నావు? మేమంతా గీకుతున్నాం. నీ వంతు ఎప్పుడు?" అని అడిగింది.

ఆకుల్లోంచి చుక్కలమ్మ తల బయట పెట్టింది. "నేను పొదుగుతున్నా అబ్బీ. ఈ ఏటికి నా వంతు వదిలెయ్యండి. ఎంతని? నా గూడున్నంత మేర."

"అయ్యో, పొదుగుతున్నావా! లేవద్దు, లేవద్దు," అని చెవులబ్బి వెనక్కి గెంతింది. తన వంతు దగ్గరికి పోయి కాసేపు గీకింది. తర్వాత ఆలోచించింది. "పక్కన అక్క వంతు ఎట్లాగూ ఆకులతోనే ఉంది. నాదొక్కటే నున్నగా గీకి ఏం లాభం? పైగా నేను గీకితే దుమ్ము లేచి పొదిగే తల్లి కళ్ళల్లో పడుతుంది." అట్లా అనుకుని, సగం గీకి, సగం వదిలేసి, నీడకి పోయి పడుకుంది. పక్కింటి పిల్ల చదవడం లేదు కదా అని పుస్తకం మూసేసే వాళ్ళు మన ఇంట్లోనూ ఉన్నారు. పేర్లు చెప్పను.

ఆ తర్వాత అవతలి పక్క వంతు అడవిపంది వచ్చింది. దాని పేరు కోరలన్న.

"ఏందమ్మీ, ఇంకా ఆకులు తియ్యలా?" అంది.

"పొదుగుతున్నా అన్నా. నా ఒక్కదాని గూడే కదా."

కోరలన్న గడ్డం గోక్కుంది. "అట్లయితే నేను కూడా తవ్వనులే తల్లీ. నేను కోరలేస్తే నేలదురుతుంది. గుడ్లు చెడిపోతాయి." అట్లా అని తన వంతు మొత్తం వదిలేసి బురదలో దొర్లడానికి పోయింది. ఆ పంది అంత దయగా ఆలోచించడం అదే మొదటిసారి.

చివరికి ఏదు తాత వచ్చాడు. దూరం నుంచే ముళ్ళ చప్పుడు వినపడింది. చుక్కలమ్మ రెక్కలు బిగపట్టుకుంది.

తాత ఆ ఆకుల కుప్పని చూశాడు. అటు కుందేలు వంతు చూశాడు. ఇటు పంది వంతు చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"లెయ్యి తల్లీ," అన్నాడు.

"తాతా! పొదిగే తల్లిని లేపుతావా నువ్వు?"

"పొదిగే తల్లిని లేపకూడదని నాకు తెలుసు. నీకు తెలుసు. నిప్పుకి తెలుసా?"

చుక్కలమ్మ ఆకులు ఇంకాస్త మీదికి లాక్కుంది.

"చూడు," అన్నాడు తాత, గొంతు తగ్గించి. "గుడ్లు ఒక్కొక్కటీ నోటితో పట్టుకుపోయి నా బొరియ పక్కన పెడతా. పంటి గాటు కూడా పడదు. గుడ్లు పగిలేదాకా నేను అడ్డంగా పడుకుంటా. ఉడుము వస్తే నా ముళ్ళు మింగి పోవాల."

చుక్కలమ్మకి ఒక్క క్షణం లేవాలనిపించింది. కాళ్ళు కూడా కదిలాయి. అంతలో ఆ చప్పుడు, గుడ్డు చిట్లిన చప్పుడు, చెవుల్లో మోగింది. ఆకులు తీసేస్తే గూడు బయటపడుతుంది. మోసుకుపోయే దారిలో ఉడుము చూస్తుంది. తాత ముసలివాడు, కునుకు తీస్తాడు. ఇంకెప్పటికీ పిల్లలు పుట్టరు.

"లేవను తాతా," అంది. "నిప్పు వస్తుందో రాదో. ఉడుము మాత్రం వస్తుంది. నాకు తెలుసు."

తాత ముళ్ళు గలగలలాడాయి. ఆయన బలవంతంగా లేపలేదు. తరాల కట్టుబాటు ఆయన కాళ్ళకీ అడ్డం పడింది. "పోనీలే, పిల్లలు పుట్టగానే గీకుదాం," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. తాత చేసిన తప్పు అదే. ఆ ఆకులు తానే చూసి, తానే వదిలేసి పోయాడు.

రోజులు గడిచాయి. ఎండ ముదిరింది. గాలి వేడెక్కింది. ఒకరోజు మధ్యాహ్నం చుక్కలమ్మ కడుపు కింద చిన్న చప్పుడైంది. గుడ్డులోంచి పిల్ల కిచకిచమంది. ఆ తర్వాత ఇంకోటి. చుక్కలమ్మ ఒళ్ళంతా పులకరించింది. "వస్తున్నారా నాయనా, రండి, రండి," అని గొంతులోనే మాట్లాడింది.

అప్పుడే ఏదో వాసన వచ్చింది.

ముందు పిట్టలు వెళ్ళాయి. ఊరి వైపు నుంచి గుంపులు గుంపులుగా, అరుపు లేకుండా ఎగిరి వెళ్ళాయి. అరవకుండా ఎగిరే పిట్టలని చూస్తే భయమేస్తుంది. తర్వాత ఒక బర్రె, మెడలో తెగిన పలుపుతో, గుట్టెక్కి వచ్చింది. దాని కళ్ళు తెల్లబడి ఉన్నాయి.

"పారిపోండి!" అని అరిచింది. "నన్ను మేపే ఓబులమ్మ ఇప్పచెట్టు కింద ఆకులకి నిప్పు పెట్టింది! రాలిన పూలు ఏరుకోడానికి నేల కనపడాలని పెట్టింది! ఒక్క చెట్టు కిందే కదా అంది! గాలి మళ్ళింది!"

అడవి మొత్తం లేచింది. జింకలు వాగు వైపు పరుగెత్తాయి. చెవులబ్బి పరుగెత్తింది. కోరలన్న పొదలు విరుచుకుంటూ పరుగెత్తింది. చుక్కలమ్మ ఒక్కతే కూర్చుంది. దాని కడుపు కింద పిల్లలు పిలుస్తున్నాయి.

నిప్పు గుట్టెక్కింది. చిటపటమంటూ, ఊదుకుంటూ వచ్చింది. జింకల వంతు దగ్గర బోడిదారికి తగిలింది. అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. నిప్పు అంచు మీదే కాసేపు ఆడి, నల్లబడి, చచ్చిపోయింది. కాస్త పక్కన మళ్ళీ తగిలింది. అక్కడా మట్టే. మళ్ళీ చచ్చింది. అట్లా దారి పొడుగునా, తలుపు వెతుక్కునే దొంగలాగా, తడుముకుంటూ తడుముకుంటూ వచ్చింది.

ఆకులున్న చోటు దానికి దొరికింది.

"ఎవరైనా రండి!" అని చుక్కలమ్మ కేక పెట్టింది. "నా పిల్లలు! ఎవరైనా రండి!"

పొగలోంచి గలగలమని చప్పుడు వచ్చింది. ఏదు తాత వాగు వైపు పోలేదు. నేలకి వంగి, రెండు కాళ్ళతో ఆకులు వెనక్కి విసరడం మొదలుపెట్టాడు.

అప్పుడు లేచింది చుక్కలమ్మ. ఎవరు చెప్పినా లేవని తల్లి, తనంతట తాను లేచింది. ఒక్క ఆకు కూడా కదపని కాళ్ళతో తన గూడు తానే చెదరగొట్టింది. గోళ్ళు విరిగాయి. రక్తం వచ్చింది. మట్టి కనపడింది. అయిదు గుడ్లూ ఎండలో, వట్టి నేల మీద, బయటపడ్డాయి. వాటి మీద రెక్కలు పరిచి పడుకుంది. తాత గాలి వచ్చే వైపు అడ్డంగా పడుకున్నాడు.

గూడున్నంత మేర గీకగలిగారు. అంతకంటే చేతకాలేదు.

కుందేలు వదిలిన సగంలోంచి నిప్పు దాటింది. పంది వదిలిన వంతులోంచి దాటింది. చుక్కలమ్మకీ తాతకీ రెండు పక్కలా మంట గోడలాగా నడిచిపోయింది. చుక్కలమ్మ కళ్ళు మూసుకుంది. చెవులు మూసుకోలేకపోయింది. వెనకాల అడవి అంటుకున్న చప్పుడు విన్నది. వెదుళ్ళు తుపాకులు పేలినట్టు పేలాయి. పరుగెత్తలేని వాళ్ళ అరుపులు వినపడ్డాయి. ఆ అరుపుల్లో తెలిసిన గొంతులు ఉన్నాయి.

ఊరివాళ్ళు పచ్చి కొమ్మలు పట్టుకుని వచ్చి కొట్టారు. ఓబులమ్మ కూడా ఏడుస్తూ కొట్టింది. కానీ అప్పటికే నిప్పు గుట్ట అవతలికి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్న అంతా నిశ్శబ్దంగా ఉంది. ఏదు తాత లేచి ఒళ్ళు విదిలించుకున్నాడు. ముళ్ళు మాడి రాలిపోయాయి. చప్పుడు రాలేదు. చుక్కలమ్మ రెక్కలు ఎత్తింది. కింద అయిదు గుడ్లూ పగిలి ఉన్నాయి. పగలగొట్టింది ఉడుము కాదు. అయిదు పిల్లలు, తడి ఆరిన నూగుతో, తల్లి వైపు చూస్తున్నాయి.

చుక్కలమ్మకి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళకి కడుపు పండింది. ముక్కుతో ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుంది.

అప్పుడు తల ఎత్తి చుట్టూ చూసింది. చెట్లు నల్లటి కర్రల్లా నిలబడి ఉన్నాయి. పొద లేదు. గడ్డి లేదు. పిల్లలకి తినిపించడానికి ఒక్క చెద లేదు, ఒక్క పురుగు లేదు. గుట్ట ఈ చివర నుంచి ఆ చివరకి బూడిద కనపడుతోంది. గూడంత చోటు బోడిగా ఉంచడానికి భయపడిందా, ఇప్పుడు అడవంతా బోడి అయిపోయింది. దూరంగా వాగు మెరుస్తోంది. అక్కడ కాస్త పచ్చదనం మిగిలినట్టుంది. అక్కడిదాకా నడవాలి.

"నేను ముందు నడుస్తా," అన్నాడు తాత. "పిల్లల్ని మధ్యలో పెట్టుకుని రా."

చుక్కలమ్మ తలొంచుకుంది. "తాతా, నువ్వు చెప్పినప్పుడే లేచి ఉంటే..."

"నేను లేపి ఉంటే," అన్నాడు తాత.

నడిచారు. సగం దూరం వచ్చారో లేదో, బూడిద మీద ఒక నల్లటి నీడ జారిపోయింది. చుక్కలమ్మ పైకి చూసింది. గద్ద. రెక్కలు కదపకుండా గిరగిరా తిరుగుతోంది. తప్పించుకోడానికి కోళ్ళకి తల్లులు నేర్పే మాట ఒకటుంది. దాని తల్లి దానికి నేర్పిన మాట. గొంతు చించుకుని ఆ మాటే అరిచింది.

"ఆకుల కింద దూరండి! ఆకుల కింద దూరండి!"

పిల్లలు అయిదూ ఆగిపోయాయి. చుట్టూ చూశాయి. బూడిదలో నిలబడి తల్లి ముఖంలోకి చూశాయి. నీడ మళ్ళీ వస్తోంది, ఈసారి కిందికి దిగింది.

"అమ్మా," అంది వాటిలో చిన్నది, "ఆకులంటే ఏంటమ్మా?"

నీతి: అందరినీ కాచే కంచెలో "నా ఒక్కరి వంతే కదా" అని కంత వదలకూడదు. ఆపద వెతుక్కుంటూ వచ్చేది ఆ కంత కోసమే.