పెరటి ద్రాక్షకు పెళ్ళి ముహూర్తం

నాకో మంచి గుణం ఉంది. ఎవరేం అడిగినా కాదనకుండా సమాధానం చెబుతాను. ఆ విషయం నాకు తెలిసే ఉండాలన్న పట్టింపు పెట్టుకోను. గుండ్లవీడు రాజావారి కొలువులో పదేళ్ళు నెగ్గుకొచ్చింది ఈ గుణంతోనే.

ఓ వైశాఖంలో రాజావారికి పొరుగు రాజ్యం నుంచి మూడు ద్రాక్ష మొక్కలు కుండీల్లో కానుకగా వచ్చాయి. అంతఃపురం పెరట్లో వాటిని వెంటనే నాటించాలని ఆయనకు బుద్ధి పుట్టింది.

"ఇది అదునేనా?" అని నన్నడిగారు.

"దివ్యమైన అదును, ప్రభూ!" అన్నాను. అప్పటికి నేను ద్రాక్షను పళ్ళెంలో తప్ప చూసి ఎరగను.

తోటమాలి యల్లమంద చేతులు జోడించాడు. "ఏలినవారు మన్నించాలి. ఈ ఎండలకి లేతవేరు మాడిపోద్ది. కుండీల్లోనే నీడన ఉంచి, చలికాలం పుష్యమాసంలో నాటుకుందాం."

ఆస్థాన జ్యోతిష్కులు భైరవావధానులుగారు పకాలున నవ్వారు. గోళ్ళు తీసుకోవడానికి కూడా ఘడియలు చూసుకునే మనిషి.

"పుష్యం శూన్యమాసంరా! ఆ నెల్లో ఎవడైనా శుభకార్యం చేస్తాడా? తీగను పందిరికి అప్పగించడమంటే పెళ్ళితో సమానం. పెళ్ళికి వైశాఖమే. ఎల్లుండి మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నం, తిరుగులేదు!"

"నేనూ అదే అనబోతున్నాను," అన్నాను.

రాజావారు తలూపారు. "ఎల్లుండే నాటు, యల్లమందా. మొక్క చచ్చిందో, నువ్వూ నీ సంసారమూ తోట ఖాళీ చేసి పోవాల్సిందే."

ముహూర్తం పెట్టినాయనకి శాలువా, మొక్క చస్తే మాలికి ఉద్వాసన. మా కొలువులో న్యాయం అంత ముచ్చటగా పంచేవాళ్ళం.

యల్లమంద తల గోక్కున్నాడు. "పెళ్ళే అన్నారు గనక ఒక్క మనవి. పెళ్ళికూతురి పక్కన పురోహితుడు ఉండాలి గదా! తంతు పూర్తయ్యేదాకా అయ్యగారు గుంట పక్కన పీటేసుకు కూర్చోవాలి. పందిరి ఇంకా వెయ్యలేదు, నీడుండదు మరి."

"కూర్చోకేం! నా ముహూర్తబలం ముందు ఎండెంత?"

ఆ రోజు రానే వచ్చింది. రాజావారు, రాణిగారు వసారాలో కూర్చున్నారు. భక్తికొద్దీ నేను విసనకర్రకి దగ్గరగా నిలబడ్డాను. అవధానులుగారు ఎండలో పీట మీద. యల్లమంద మొదటి కుండీని పక్కన పెట్టుకుని తీరిగ్గా గుంట తవ్వుతున్నాడు, మట్టి చిదుపుతున్నాడు, ఎరువు కలుపుతున్నాడు.

మొదట మంత్రాల వేగం పెరిగింది. తర్వాత మంత్రాలు పొట్టివయ్యాయి. ఆపైన ఉత్తరీయం నెత్తికెక్కింది. చివరికి అవధానులుగారు ఒక్క గెంతులో వసారాలోకి వచ్చి పడ్డారు.

"అయ్యో, మొక్క ఇంకా గుంటలోకి దిగనేలేదు! మధ్యలో లేచొచ్చారేం స్వామీ?" అన్నాడు యల్లమంద.

"మనిషన్నవాడు కూర్చోగలిగే ఎండట్రా అది!"

యల్లమంద కుండీని మెల్లగా నీడలోకి జరిపాడు.

"తమరికి కాళ్ళున్నాయి, నీడకొచ్చారు. ఈ పిల్లకి కాళ్ళు లేవు స్వామీ. ఉంటే తమకన్నా ముందే లేచొచ్చేది."

ముందు రాణిగారు నవ్వారు. దాంతో రాజావారు ధైర్యంగా తొడ చరుచుకుని మరీ నవ్వారు.

"శూన్యమాసం మనుషులకే గాని, మొక్కలకి వర్తించదు లెండి," అన్నారు అవధానులుగారు, మంచినీళ్ళ చెంబు దించకుండానే.

రాజావారు నాటడం పుష్యానికి వాయిదా వేసి, తోటలోని ఇల్లు యల్లమందకి శాశ్వతంగా రాసిచ్చారు.

తీగలు బతికాయి. వాటిని చిగురు పొడిచే ఏ కన్ను దగ్గర కత్తిరించాలో అతను నాకు నాలుగుసార్లు చూపించాడు. నాకు ఇప్పటికీ రాలేదు.